మొదటిసారి చెక్కపని పోటీకి ఏం చేసి పెట్టాలి? ఎర్రచందనం వాడొచ్చా?

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. రెండేళ్ళుగా ఇంట్లో సరదాగా చెక్కపని చేస్తున్నాడట. నవంబరులో తిరుపతిలో జరిగే మా పోటీకి మొదటిసారి ఏదైనా పెట్టాలని ఉంది. ఏ వస్తువు చేస్తే బాగుంటుంది, బంధువు ఒకాయన ఇస్తానంటున్న ఎర్రచందనం ముక్క వాడొచ్చా, పెద్ద మిషన్లు లేకుండా పోటీలో నిలబడగలనా అని మూడు సందేహాలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో రోజూ పనికొచ్చే చిన్న వస్తువు ఎంచుకోండి. దాన్ని రెండుసార్లు చేయండి. రెండోది పోటీకి పెట్టండి, మొదటిది ఇంట్లో వాడుకోండి. ఎర్రచందనం వద్దు. మిషన్లు అక్కర్లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో. మా నాయన వడ్రంగి. నేను ఆ పని వదిలేసి గుమాస్తా ఉద్యోగంలో పడ్డాను, రిటైర్మెంటు దగ్గర పడ్డాక మళ్ళీ ఉలి పట్టాను. తిరుపతిలో మాది చిన్న గుంపు. ఆదివారం పొద్దున ఒకరి షెడ్డులో కలుస్తాం. ఇద్దరు నికార్సయిన మేస్త్రీలు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు టీచరమ్మలు, మిగతావాళ్ళు నాలాంటివాళ్ళు. ఏడాదికి రెండు పోటీలు పెట్టుకుంటాం. నేను చాలాసార్లు వస్తువులు పెట్టి ఓడిపోయాను, రెండుసార్లు గెలిచాను, నాలుగుసార్లు జడ్జీల పక్కన కూర్చున్నాను. ఆ కూర్చున్న నాలుగుసార్లలో నేర్చుకున్నంత మిగతా అన్నేళ్ళలోనూ నేర్చుకోలేదు.

జడ్జీలు ఏం చూస్తారో చెబితే మీ మొదటి ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది. మా పెద్ద మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. బల్ల మీద మీ వస్తువు ఎంత అందంగా నిలబెట్టినా, ఆయన చేతిలోకి తీసుకోగానే తిరగేస్తాడు. అడుగుభాగం మీద బొటనవేలి గోరు అటూ ఇటూ లాగుతాడు. చిత్రిక గీతలు, రంపం పళ్ళ జాడలు గోటికి తగులుతాయి. తర్వాత జేబులోంచి ఒక పాత బస్సు టికెట్టు తీసి అతుకు దగ్గర పెట్టి నెడతాడు. టికెట్టు లోపలికి పోయిందంటే ఆయన మొహంలో ఏమీ కనపడదు కానీ పెన్ను కదులుతుంది. ముందువైపు పాలిష్ ఎంత మెరుస్తోందో చూడటానికి ఆయన పది సెకన్లు కూడా పెట్టడు. మా దగ్గర సగానికి పైగా మార్కులు పనితనానికే. డిజైను, కర్ర ఎంపిక, ఫినిషింగు మిగతాది పంచుకుంటాయి.

అందుకే చిన్నది చేయమంటున్నాను. ఎనిమిది అతుకులున్న వస్తువులో ఎనిమిదీ బాగా కుదిరించవచ్చు. అరవై అతుకులున్న దాంట్లో యాభై బాగుండి పది వదులుగా ఉంటే ఆ పదే కనిపిస్తాయి. మొదటిసారి వచ్చేవాళ్ళు తొంభై శాతం చేసే తప్పు ఇదే, అల్మారానో ఊయలబల్లో మొదలుపెట్టి చివరి వారం నిద్ర మానేసి, లప్పం పెట్టి సందులు కప్పి తీసుకొస్తారు. లప్పం రంగు మారినంతగా ఇంకేదీ మారదు. లైటు పక్కనుంచి పడితే దూరం నుంచే తెలుస్తుంది.

మూడేళ్ళ కిందటి పోటీ చెబుతాను. ఒకాయన రెండడుగుల ఏనుగును చెక్కి తెచ్చాడు. అంబారీ, గొలుసులు, గంటలు, చూసినవాళ్ళంతా ఫోటోలు దిగారు. దాని పక్కన మా టీచరమ్మ ఒకావిడ వేప పలకతో చేసిన వామనగుంటల పీట పెట్టింది. వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, అంతే. కానీ ఆవిడ ఒక్కో గుంటలో చిన్న గ్లాసుతో కొలిచిన బియ్యం పోసి, అంచుకు సమంగా వచ్చిందా లేదా అని చూసుకుంటూ తవ్వింది. ఎక్కడన్నా నాలుగు గింజలు పైకి నిలిస్తే మళ్ళీ ఉలి. పద్నాలుగు గుంటలూ ఒకే లోతు, ఒకే వంపు. లోపల వేలు తిప్పితే ఎక్కడా తగలదు. చింతగింజలు వేసి తీస్తే వేళ్ళకు సులువుగా వస్తాయి. ఏనుగుకు ఒక కాలు వెనకవైపు ముందుకన్నా లావుగా ఉంది, తొండం కింద ఉలి జారిన చోట గుంట అలాగే ఉంది. బహుమతి పీటకు వెళ్ళింది. ఏనుగాయన ఒక నెల మాతో మాట్లాడలేదు.

దేవుడి విగ్రహం చెక్కి పెడదామని మీ మనసులో ఉందేమో, మొదటిసారికి అది కూడా వద్దంటాను. మన ప్రాంతంలో ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్ళున్నారు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో ఇంటికొకరు ఉలి పట్టినవాళ్ళే. తిరుపతిలోనే టీటీడీ వారి సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది, అక్కడ రాతిశిల్పం, లోహశిల్పం, కలంకారీలతోపాటు దారుశిల్పం, అంటే చెక్క శిల్పం, కూడా ఒక విభాగం. అక్కడ చదివిన పిల్లాడికి తాలమానం కంటిలోనే ఉంటుంది. ముఖం పొడవును ఒక తాలంగా పెట్టుకుని నవతాలంలో, అంటే ఎత్తు తొమ్మిది ముఖాలంత వచ్చే లెక్కలో, బొమ్మ కొలత సరిచూస్తాడు. మీరు ఆరు నెలలు చెక్కిన స్వామి ముఖానికీ మోకాలికీ లెక్క ఎక్కడ తప్పిందో నిమిషంలో చెప్పేస్తాడు. మా పోటీలో శిల్పం విభాగం వేరుగా ఉన్నా, చూసే కళ్ళు అవే కళ్ళు కదా.

మరి ఏం చేయాలి? నేనైతే వీటిలో ఒకటి అంటాను: మూత జరిగే పోపుల పెట్టె, వ్యాసపీఠం, వామనగుంటల పీట, లేదా ఒక మంచి ముక్కాలిపీట. తరిమెన పట్టడం (కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కడం) వచ్చినవాళ్ళైతే కవ్వం, పప్పుగుత్తి. గరిటెలు కూడా మంచివే కానీ ఒక్కటి పెట్టొద్దు, ఒకే కొలతలో ఐదు పెట్టండి. ఐదూ ఒకేలా ఉండటంలోనే పనితనం తెలుస్తుంది.

వీటిలో వ్యాసపీఠం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నేను గెలిచిన రెండింటిలో ఒకటి అదే కాబట్టి. ఇంట్లో భాగవతమో రామాయణమో పెట్టుకుని చదివే మడత పీఠం మీరు చూసే ఉంటారు. ఇంగ్లీషు ఎక్స్ అక్షరంలా తెరుచుకుంటుంది. రెండు పలకలు బిగించినట్టు కనిపిస్తుంది కానీ అసలైనది ఒకే పలక. మేకు లేదు, బందు లేదు, ఫెవికాల్ చుక్క లేదు. పలక మధ్యలో అడ్డంగా ఐదో ఏడో వేళ్ళలా గీసుకుని, ఆ వేళ్ళను పైవైపు నుంచి సగం మందం, కిందివైపు నుంచి సగం మందం గుండ్రంగా చెక్కుతారు. వేలికీ వేలికీ మధ్య సన్న రంపంతో విడదీస్తారు. ఆపైన రెండు చివరల నుంచీ పలక మందాన్ని నిలువుగా చీల్చుకుంటూ కీలు దాకా వస్తారు. అంతా కుదిరితే పలక పుస్తకంలా తెరుచుకుంటుంది.

కుదరకపోతే? నా మొదటిది చెబుతాను. మంచి పాత టేకు, పద్నాలుగు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు. రెండు రోజులు కోశాను. చివర్లో ఓపిక పట్టలేక, నాలుగో వేలు దగ్గర ఇంకా కాస్త తెగాల్సి ఉండగానే, వస్తుందిలే అని తెరిచాను. టక్కుమంది. వేలు ఊడి చేతిలోకి వచ్చింది. అప్పుడు తెలిసింది, లోపల ఎక్కడైనా వెంట్రుకంత అంటుకుని ఉంటే బలం అంతా ఆ ఒక్క వేలి మీద పడుతుందని. రెండోదానికి సన్నటి ఇనుప పట్టీ ఒకటి ప్రతి సందులోనూ పెట్టి అటూ ఇటూ తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే తెరిచాను. ఇంకొక్క మాట, నార (కర్రలో బారుగా పోయే పోగులు) పలక పొడవున, అంటే కీలుకు అడ్డంగా పోవాలి. నార కీలు వెంబడి పోయిందంటే ఆ పీఠం మీద పంచాంగం పెట్టినా చీలుతుంది.

రెండుసార్లు చేయమన్నది ఇందుకే. మొదటిది చేస్తున్నప్పుడు మీరు వస్తువును నేర్చుకుంటారు. ఏ కోత ముందు, ఏది తర్వాత, ఎక్కడ చేయి వణుకుతుంది అన్నది అప్పుడే తెలుస్తుంది. రెండోదానికి ఆ కంగారు ఉండదు. మా గుంపులో గెలిచిన వస్తువుల్లో చాలావాటికి ఇంట్లో ఒక వంకర అన్నయ్య ఉంటాడు.

ఇక ఎర్రచందనం. మీ బంధువు మంచి మనసుతోనే ఇస్తానని ఉండొచ్చు. కానీ కాగితాలు లేని ఎర్రచందనం ముక్కను ఇంట్లోకి కూడా రానివ్వొద్దు. ఆ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ, పాలకొండ, నల్లమల కొండల చుట్టుపక్కలే. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణ ఉంది. ఇక్కడ మన రాష్ట్రంలో 1969 నాటి ట్రాన్సిట్ రూల్స్ ప్రకారం ఆ కర్ర ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలంటే అటవీ శాఖ పర్మిటు ఉండాలి. సొంత పొలంలో పెంచిన చెట్టుకైనా కొట్టడానికీ తరలించడానికీ అనుమతి కావాలి. తిరుపతిలో దీనికోసమే ప్రత్యేక టాస్క్‌ఫోర్సు పనిచేస్తోంది. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చే వస్తువుకు ఇంత టెన్షన్ ఎందుకు? "పాతకాలంది, మా తాత నాటిది" అన్న మాట చెక్‌పోస్టు దగ్గర కాగితం కింద చెల్లదు. మా పోటీలో ఎర్రచందనం వస్తువు పెట్టాలంటే కొన్న రసీదు, అనుమతి చూపించాలి, లేకపోతే బల్ల మీదికే తీసుకోం.

కొండ కింద అమ్మే మరపాచి బొమ్మల జంట చూసి చాలామందికి ఆ కోరిక పుడుతుంది. దసరా కొలువులో అందరికన్నా ముందు నిలబడే ఆ రాజూరాణీ బొమ్మలు సంప్రదాయంగా ఎర్రచందనంతోనే చేస్తారు, నిజమే. అది అనుమతితో కర్ర తెచ్చుకుని చేసే పనివాళ్ళ సంగతి. చట్టం పక్కన పెట్టి చూసినా కొత్తవాళ్ళకు ఆ కర్ర లొంగదు. దాని చేవ నీళ్ళలో వేస్తే మునుగుతుంది, అంత బరువు, అంత గట్టి. పది నిమిషాలకొకసారి ఉలి సానపట్టుకోవాలి. పైగా జడ్జీలు కర్ర ఖరీదుకు మార్కులు వేయరు. ఖరీదైన కర్ర మీద చేసిన తప్పు ఇంకా పెద్దగా కనిపిస్తుంది కూడా.

దానికి బదులు పాత ఇళ్ళ కర్ర వెతకండి. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు పాత మిద్దెలు పడగొట్టినప్పుడు దూలాలు, వాసాలు, ద్వారబంధాలు అమ్ముతారు. యాభై అరవై ఏళ్ళు ఇంటి నీడన ఆరిన కర్ర మీకు ఏ డిపోలోనూ దొరకదు. ఒక్కటే జాగ్రత్త, లోపల మేకులుంటాయి. పాత స్పీకరులోని అయస్కాంతం ఒకటి దారానికి కట్టి పలక మీద నడిపించండి, మేకు ఉన్నచోట లాగుతుంది. నేను ఈ పని మరిచిపోయి ఒకసారి చిత్రిక అలుగు నాశనం చేసుకున్నాను.

కొత్త కర్రే కొనాలంటే డిపోలో మహారాష్ట్ర నుంచి వచ్చే బల్లార్షా టేకు అడగండి. టేకే కావాలని ఏమీ లేదు. వేప బాగుంటుంది, పురుగు పట్టదు, వాసన కొన్నాళ్ళకు పోతుంది. పనస పసుపు రంగు పాలిష్ లేకుండానే కళ్ళకు ఇంపుగా ఉంటుంది, బొబ్బిలి వీణలు దాంతోనే చేస్తారు. తరిమెన పనికి ఏటికొప్పాకవాళ్ళు వాడే అంకుడు కర్ర లాంటిది ఇంకోటి లేదు, తెల్లగా, నున్నగా తిరుగుతుంది. మామిడి చవక, కానీ పురుగు పట్టిందేమో చూసి తీసుకోండి. ఏదైనా సరే పచ్చిది వద్దు. అంగుళం మందానికి ఏడాది ఆరాలని మా నాయన లెక్క.

ఆరడం గురించి మన ఊళ్ళకే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఇది ఎక్కడా చదవలేదు, పడి తెలుసుకున్నాను. నా రెండో పోటీకి పోపుల పెట్టె చేశాను, మే నెలలో. ఎండలు నలభై దాటి కాస్తున్నాయి. మూత గాడిలో వెన్నలా జరుగుతోంది, కాగితం పట్టనంత బిగువు. ఇంట్లోవాళ్ళందరినీ పిలిచి జరిపి చూపించాను. పోటీ నవంబరులో. మనకు అసలు వానలు అప్పుడే కదా, ఆ ఏడు వారం రోజులు ఆగకుండా పట్టింది. పెద్ద మేస్త్రీ పెట్టె తీసుకుని మూత లాగాడు, రాలేదు. గట్టిగా లాగాడు, రాలేదు. నా వైపు చూసి, "లోపల ఏం పెట్టావప్పా, బంగారమా?" అన్నాడు. అందరూ నవ్వారు. పెట్టెను పక్కన పెట్టేశారు. సంక్రాంతి దాటాక మూత మళ్ళీ వెన్నలా జరిగింది, ఎవరికి చూపించను?

జరిగిందేమిటంటే, కర్ర పొడవున దాదాపు కదలదు, వెడల్పున మాత్రం తేమ తాగి ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. అందులోనూ చెట్టు వలయాల వెంబడి కదలిక, మధ్య నుంచి బయటికి ఉండే కదలికకు సుమారు రెట్టింపు. పలక దోనెలా వంగేది అందుకే. కాబట్టి ఎండాకాలంలో చేసే మూతలకూ సొరుగులకూ వెడల్పువైపు కాస్త ఖాళీ వదలండి, వానల్లో చేసేవాటికి బిగువుగానే ఉంచండి. ఎంత ఖాళీ అంటే, నేను ఆరంగుళాల మూతకు మిల్లీమీటరుకు పైనే వదులుతాను. పీట మీది పలకను కూడా నాలుగువైపులా మేకులతో బిగించేయొద్దు. ఉబ్బడానికి చోటు లేకపోతే అది చీలి చోటు చేసుకుంటుంది. మీరు నవంబరు పోటీకి ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

ఫినిషింగు గురించి ఎక్కువ చెప్పను. ఉప్పు కాగితం నార వెంబడే రుద్దండి, అడ్డంగా ఒక్కసారి రుద్దినా పాలిష్ పడ్డాక గీతలు బయటపడతాయి. ఆఖరి కాగితానికి ముందు తడిగుడ్డతో ఒకసారి తుడవండి, నార లేస్తుంది, ఆరాక మెల్లగా కోసేయండి. ఆ తడిగుడ్డ ఇంకో మేలు చేస్తుంది, ఫెవికాల్ మరక ఉన్నచోట కర్ర తడవక తెల్లగా కనిపిస్తుంది. అక్కడే గీకేయండి. పాలిష్ వేశాక కనిపిస్తే ఇక ఏమీ చేయలేరు. వంటింటి వస్తువులకు మెరిసే పాలిష్‌లు వద్దు, తేనెమైనం కలిపిన మినరల్ ఆయిల్ చాలు. వంటనూనె రాస్తే నాలుగు నెలలకు జిగటపట్టి వాసన వస్తుంది. అవిసె నూనె వాడితే మాత్రం ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ ముద్దగా ఉంటే దానంతటదే అంటుకోగలదు. పరిచి ఆరుబయట ఆరబెట్టి, ఆ తర్వాత పారేయండి.

మిషన్ల సంగతి. మీ దగ్గర ఏమున్నాయో రాయలేదు. ఒక రంపం, ఒక చిత్రిక, మూడు ఉలులు (పావు, అర, ముప్పావు అంగుళం), మూలమట్టం, కొయ్యసుత్తి ఉంటే పైన చెప్పినవాటిలో చాలావరకు అవుతాయి. తరిమెన పని వేరు, గుంటలూ గరిటెలూ తవ్వడానికి వంపు ఉలి కూడా కావాలి. అసలు ఖర్చు పెట్టాల్సింది సానరాయి మీద. మొద్దుబారిన ఉలి కర్రను కోయదు, నలుపుతుంది. నలిగిన అతుకు టికెట్టు పరీక్షలో నిలవదు. ఉలి పదునుకు మా ఇంట్లో పరీక్ష, మెత్తటి కర్ర ముక్క నిలువు చివరన అడ్డంగా లాగితే పొర చితక్కుండా నున్నగా రావాలి. చిత్రిక పట్టేటప్పుడు పొరలు లేస్తున్నాయంటే అలుగు కన్నా ముందు నారను అనుమానించండి, పలకను అటు తిప్పి పట్టండి.

మిషన్లున్న వాళ్ళు కూడా వస్తారు. రౌటరుతో (అంచులూ గాళ్ళూ కోసే కరెంటు మిషనుతో) కోసిన అంచులు అచ్చుగుద్దినట్టు ఉంటాయి, చూసి బెదరొద్దు. మా నియమం ప్రకారం కొత్తవాళ్ళకు వేరే విభాగం ఉంది, అందులో చేతిపనిముట్లతో చేసినవే పెట్టాలి. విదేశీ క్లబ్బుల్లో చేసినట్టు అందరికీ ఒకే సైజు పలక ఇచ్చి, దాంతో ఏమైనా చేసుకురండి అనే పోటీ కూడా పెడుతున్నాం. రెండడుగుల టేకు పలకతో ఒకరు ఎలుకల బోను చేసుకొచ్చారు, ఎలుక పడింది కూడా. మీరు మొదటిసారి కాబట్టి ఆ విభాగంలో అయినా రావచ్చు.

వచ్చేటప్పుడు వస్తువును పాత దుప్పటిలో చుట్టి, దానితోపాటు అదే కర్ర తుంపు ఒకటి, పాలిష్ వేయనిది, తీసుకురండి. ఏ కర్ర అని వాదన వస్తే చూపించడానికి. పోటీకి ముందు ఏ ఆదివారమైనా మీ వంకర అన్నయ్యను పట్టుకుని రండి, ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం. వ్యాసపీఠానికి కావలసిన సన్న రంపం నా దగ్గర ఉంది, ఇస్తాను. ఉలులు మాత్రం మీవి మీరే తెచ్చుకోండి, మా నాయన బతికున్నన్నాళ్ళూ తన ఉలి నాకు కూడా ఇవ్వలేదు.